కాలిఫోర్నియా పాత ఇల్లు, ర్యాంచ్ (పశువుల ఎస్టేటు): అసలు వయసు పట్టుకోవడం ఎలా?

నేలకో చరిత్ర, దాని మీది ఇంటికో చరిత్ర. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే తేదీలు తప్పుతాయి. కాలిఫోర్నియా మెక్సికో కింద ఉన్న 1830ల్లో అక్కడి గవర్నరు భూమి రాసిచ్చినంత మాత్రాన అక్కడున్న ఇల్లు ఆనాటిది అయిపోదు. కాలిఫోర్నియాలోని శాన్ హువాన్ బటిస్టా అనే ఊరినే చూడండి. ప్లాజా హోటల్ కింది భాగం 1814లో స్పానిష్ సైనికులకు కట్టిన మట్టి ఇటుకల బ్యారక్ (సైనికుల బస). పైనున్న చెక్క అంతస్తును ఆంజెలో జనెట్టా 1850ల చివర్లో వేయించాడు. అదే ఊళ్లోని ప్లాజా హాల్‌ది ఇంకో తమాషా: కట్టింది 1868లో, ఇటుకలు మాత్రం అంతకుముందరి పాత కట్టడం కూల్చగా వచ్చినవి. ఇటుకను చూసి వయసు చెబితే అర్ధ శతాబ్దం తేడా కొడుతుంది.

కాబట్టి ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి. కౌంటీ (జిల్లా లాంటిది) అసెసర్, అంటే ఆస్తిపన్నుకు విలువ కట్టే అధికారి దగ్గర పార్సిల్ నంబరు (స్థలం నంబరు) తీసుకోండి. అక్కడ కట్టిన సంవత్సరం 1900 అని ఉంటే నమ్మకండి; తెలియనప్పుడు చాలాచోట్ల ఆ అంకె వేసేస్తారు. తర్వాత దస్తావేజులు నమోదు చేసే కౌంటీ రికార్డర్ ఆఫీసు. కొన్నవాళ్ల సూచికలో ఇప్పటి యజమాని పేరు వెతికితే దస్తావేజు పుస్తకం, పేజీ దొరుకుతాయి. అందులో అమ్మినవారి పేరును మళ్లీ కొన్నవాళ్ల సూచికలో వెతకండి. ఇలా ఒక్కో లింకు డాక్యుమెంటూ పట్టుకుంటూ వెళ్లేటప్పుడు తేదీ, రెండు పేర్లు, పుస్తకం, పేజీ రాసుకోవడంతో సరిపెట్టొద్దు. ప్రతిసారీ హద్దులు సరిచూడండి, మధ్యలో ఎక్కడో స్థలం ముక్కలై ఉంటుంది. గొలుసు తెగిందంటే సాధారణంగా వారసత్వమే కారణం; సుపీరియర్ కోర్టు ప్రొబేట్ (వీలునామా, వారసత్వ వ్యవహారాల) ఫైళ్లు అడగండి. స్పానిష్ కుటుంబాలకు రెండు ఇంటిపేర్లుంటాయి కనుక రెండిటి కిందా చూడాలి.

కౌంటీ సరిహద్దు దగ్గర ఇంకో చిక్కు. శాన్ బెనిటో కౌంటీ 1874లో మాంటెరే నుంచి విడిపోయింది. దాని కేంద్రమైన హోలిస్టర్‌లో మాత్రమే వెతికి, 1874కు ముందు ఏమీ లేదనుకుని ఆగిపోకండి. మాంటెరే కౌంటీ కేంద్రమైన సలీనాస్‌లోనూ అడగాలి. (కొత్త కౌంటీ కేంద్రం తమ శాన్ హువాన్ బటిస్టాకే వస్తుందన్న ఆశతోనే జనెట్టా ప్లాజా హాల్ కట్టించాడు. అది హోలిస్టర్‌కు పోయింది.)

ర్యాంచ్ అయితే, పాత స్పానిష్, మెక్సికన్ గ్రాంట్లు (రాసిచ్చిన భూములు) చెల్లుతాయో లేదో తేల్చడానికి అమెరికా తెచ్చిన 1851 భూ చట్టం దాకా వెళ్లాలి. ఆ చట్టం కింద కమిషన్ ముందుకొచ్చిన 800కు పైగా క్లెయిముల ఫైళ్లు, వాటితో పాటు డిసేన్యో అనే చేతిగీత పటాలు బర్క్‌లీలోని బాంక్రాఫ్ట్ లైబ్రరీలో ఉన్నాయి. గుర్రాల మీద తాడు లాగుతూ కొలిచిన రోజులవి. ఓక్ చెట్టు, వాగు, గుట్ట ఇవే హద్దులు. అప్పటి కొలతల్లో ఒక వారా అంటే సుమారు 33 అంగుళాలు, చదరపు లీగ్ అంటే దాదాపు 4,400 ఎకరాలు. ఆ పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. ఇల్లు వాగుకు ఏ పక్కన ఉందో తెలుసుకోవడానికే అది పనికొస్తుంది. పేటెంట్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చిన తుది హక్కు పత్రం) తేదీని గ్రాంటు తేదీ అనుకోకండి, మధ్యలో ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారం నడిచింది.

ఊళ్లోని కట్టడాలకు శాన్‌బోర్న్ బీమా పటాలను (అగ్ని ప్రమాద బీమా కోసం ఒక్కో కట్టడాన్నీ గీసినవి) మించినవి లేవు. వాటిలో గులాబీ రంగు అంటే ఇటుక, పసుపు అంటే చెక్క, నీలం అంటే రాయి. ఒక ముద్రణలో లేని ఇల్లు తర్వాతి దాంట్లో కనబడితే అది ఆ మధ్యకాలంలో లేచినట్టే. అయితే పాత కాగితం మీద దిద్దుబాటు ముక్కలు అతికించేవారు, కాబట్టి అట్ట మీది తేదీతో జాగ్రత్త. ఊరి బయటి ర్యాంచ్‌లు వీటిలో ఉండవు. వాటికి పన్ను రికార్డుల్లో "ఇంప్రూవ్‌మెంట్స్" (నేల మీది కట్టడాల విలువ) గడి చూడాలి. ఆ విలువ ఒక్క ఏడాదిలో ఎగబాకితే ఇల్లో, కొట్టమో వచ్చి ఉండొచ్చు. అదే ఏడు ఇరుగుపొరుగు వాళ్లవీ పెరిగాయా? అయితే అది కొత్త మదింపు మాత్రమే.

చివరికి కట్టడాన్నే అడగండి. అటకలో, నేల పలకల కింద మేకులు చూడండి. బయటి పలకలు ఎన్నిసార్లు మార్చారో ఎవరికి తెలుసు! నలుచదరపు కోత మేకులు ఎక్కువగా 1890ల ముందువి, గుండ్రని తీగ మేకులు ఆ తర్వాత ప్రబలాయి. ఒక్క మేకు సాక్ష్యం కాదు, నాలుగైదు చోట్ల ఒకే రకం కనబడాలి. లోపల ఏముందో చూద్దామని మట్టి గోడల పూత మాత్రం గీకకండి. తడి తగిలితే ఇటుక కరిగిపోతుంది.