కొత్త ఎస్పీ డైరెక్టా, ప్రమోటీనా? ఇలా చూసుకోండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ కొత్త ఎస్పీ వస్తే టీ అంగడి దగ్గర ముందు నడిచే చర్చ ఇదే. మనకు విజయవాడ, విశాఖలాగా కమిషనరేట్ లేదు, జిల్లా పోలీసులకు పెద్ద ఎస్పీనే, అందుకే అంత ఆసక్తి.

ఊహలు పక్కనపెట్టి కేంద్ర హోం శాఖ వాళ్ల ఐపీఎస్ సివిల్ లిస్ట్ (ఐపీఎస్ అధికారుల జాబితా) తెరవండి. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో పేరు వెతకండి. ఆర్‌ఆర్ అని ఉంటే యూపీఎస్సీ రాసి నేరుగా వచ్చినట్టు, ఎస్‌పీఎస్ అంటే రాష్ట్ర సర్వీసులో డీఎస్పీగా చేసి పైకొచ్చినట్టు.

బ్యాచ్ (పేరు పక్కన ఉండే ఐపీఎస్ ఏడాది) దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకు రాష్ట్రంలో చేసిన సర్వీసును లెక్కేసి ఏడాదిని వెనక్కి జరిపి ఇస్తారు కాబట్టి 2012 బ్యాచ్ అని కనిపించినంత మాత్రాన ఆ ఏడాదే ఐపీఎస్ అయ్యారనుకోకండి, ఐపీఎస్ వచ్చింది ఆ తర్వాతే, డీఎస్పీగా ఖాకీ మాత్రం అంతకు చాలా ముందే వేసుంటారు.

డీఎస్పీలు ఆ లిస్టులో దొరకరు. వాళ్లలో కొందరు గ్రూప్-1 రాసి నేరుగా వస్తారు, మిగతావాళ్లు ఎస్‌ఐగా మొదలుపెట్టి సీఐ అయ్యి ఇక్కడిదాకా వస్తారు (స్టేషన్ లోగుట్టు వీళ్లకే ఎక్కువ తెలుసని నా నమ్మకం). వాళ్ల కోసం బాధ్యతలు తీసుకున్న మర్నాటి పేపర్ జిల్లా ఎడిషన్, పాత బదిలీ ఉత్తర్వులు కలిపి చూడండి.