గుంటూరు నల్లరేగడిలో ఇంకుడు గుంత

ఇంకుడు గుంత తవ్వేముందు మీ డాబా మీద పడే వాన నీటి లెక్క వేయండి: 100 చదరపు మీటర్ల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు, వృథా పోను 800. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి కావలసింది 540.

గుంత పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా దూరంగా. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు. అడుగున పిడికిలంత రాళ్లు, పైన 20 ఎంఎం కంకర, ఆపైన జానెడు ముతక ఇసుక. నింపాక పట్టేది సుమారు 600 లీటర్లే.

అసలు చిక్కు మట్టితో. నల్లరేగడి తడిస్తే ఉబ్బి సందులు మూసుకుపోతాయి, గుంత దోమల తొట్టి అవుతుంది. అందుకే రాళ్లు వేయకముందే అడుగు ఎత్తున నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నిలిచే ఉంటే, గుంత మధ్యలో రేగడి దాటి ఇసుక పొర తగిలేదాకా 6 అంగుళాల బోరు వేయించి, చిల్లుల పైపుకు నైలాన్ జాలి చుట్టి దించాలి. ఈ ఖర్చుకు వెనకాడితే తవ్వకం కూడా దండగే.

తొలి వాన మురికి నీటిని, ఓ 200 లీటర్లు, బయటికి వదిలేయండి. ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడగండి.