ఆయాసం ఉన్న ఇంట్లో పిల్లి పేలను వదిలించుకోవడం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పెంకుటిళ్లలో పిల్లి సాధారణంగా ఒకరి సొత్తు కాదు. ఒకరింట్లో పాలు తాగి, మరొకరి అటక మీద ఈని, వేరొకరి బొంత మీద నిద్రపోతుంది. అందువల్ల పేలు ముందుగా ఎవరింట్లో కనబడ్డాయన్న వాదన వల్ల ప్రయోజనం లేదు. పేలని మనం అంటున్నా ఇవి తలలో పాకే పేలు కావు, పశువుల చెవుల్లో కరుచుకుని ఉండే పిడుదులూ కావు. సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుతో, రెండు పక్కలా నొక్కినట్టు సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉండి, పట్టుకోబోతే గెంతిపోయే పురుగులు. పశువుల డాక్టర్లు వీటిని ఫ్లీ అంటారు.

ఇంట్లో అందరికీ చీలమండల దగ్గర గుంపుగా దద్దుర్లు లేస్తుంటే అనుమానించవచ్చు కాని, నిర్ధారణ పిల్లి ఒంటి మీదే జరగాలి. పాత తెల్ల పంచె ముక్కను నేల మీద పరిచి, పిల్లిని దాని మీద నిలబెట్టి, తోక మొదట్లోనూ మెడ చుట్టూనూ పేల దువ్వెనతో దువ్వితే మిరియాల పొడి లాంటి నల్లని నలుసులు రాలతాయి. వాటి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి ఒక నిమిషం ఆగాలి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. పేల రెట్ట అయితే ప్రతి నలుసు చుట్టూ తుప్పు రంగు మరక నెమ్మదిగా పాకుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది పురుగు తాగిన పిల్లి రక్తమే. దువ్వెనకు చిక్కిన పురుగును వేళ్లతో నలపబోతే జారి గెంతుతుంది కనుక పక్కనే సబ్బు నీళ్ల గిన్నె ఉంచుకుని అందులో ముంచాలి.

ఈ పురుగు బతుకు తెలియనిదే వదిలించే పద్ధతి అర్థం కాదు. ఒక ఆడపురుగు రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి వెంట్రుకలకు అంటుకోకుండా పిల్లి పడుకున్నచోటల్లా రాలిపోతాయి. వాటిలోంచి వచ్చే తెల్లని సన్న పురుగులు వెలుతురును తప్పించుకుని నేల పగుళ్లలోకి, బొంత మడతల్లోకి, గోనెసంచుల కిందికి దూరి, పైనుంచి రాలే ఆ రెట్టనే తిని పెరిగి, తరువాత జిగురు గూడు కట్టుకుంటాయి. మనకు కనబడే గెంతే పురుగులు మొత్తం సంతతిలో దాదాపు 5 శాతమే. మిగతాదంతా నేలలోనూ పరుపులోనూ ఉంటుంది. గూటిలో ఉన్నదాన్ని మందు సరిగా చేరదు. అది నెలల తరబడి ఆగి, మనిషి అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి సోకినప్పుడు బయటికి వస్తుంది. కొన్నాళ్లు తాళం వేసిన ఇంట్లో అడుగు పెట్టగానే కాళ్ల మీదికి పురుగులు ఎగబడడానికి కారణం ఇదే.

ఆయాసం, అంటే ఉబ్బసం, ఉన్న ఇంట్లో చిక్కంతా మన అలవాటు వైద్యాలతోనే వస్తుంది. మన ప్రాంతంలో సాయంత్రం పూట గుగ్గిలం, ఒడియా వాళ్ల మాటలో ఝుణా, వేయడం రెండు భాషల ఇళ్లలోనూ ఉన్నదే. పురుగు కనబడగానే ఆ నిప్పుల మీదే వేపాకు కూడా వేస్తాం. నేనూ ఒక వానాకాలం ఆ పనే చేశాను. పది నిమిషాలు తిరగకముందే మా అత్తగారు గుమ్మం పట్టుకుని, మాట మాటకూ ఆగుతూ, “అమ్మాయీ, ఆ కుంపటి బయట పెట్టెయ్యమ్మా” అన్నారు. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చాక గాని ఆమె కూర్చోలేకపోయారు. పేలు మాత్రం మర్నాడు యథాప్రకారం గెంతాయి. వేప పొగ, దోమల కాయిల్, ఘాటు ఫినాయిల్, గది నిండా పొగమంచులా కమ్మే పురుగుల మందు డబ్బాలు, ఇవన్నీ ఉబ్బసాన్ని రేపగలిగేవే. బోరిక్ పొడి, సన్నని మట్టి పొడులు చల్లమని కొందరు సలహా ఇస్తారు. అవి కూడా గాలిలోకి లేచి ఊపిరి గొట్టాలను గీరుతాయి కనుక ఈ ఇంటికి పనికిరావు. గాలిలో ఏదీ నింపకుండా, పిల్లి ఒంటికి మందు వేసి, ఇంటిని నీటితోనూ వేడితోనూ శుభ్రం చేయడమే ఇక్కడ అనుసరించవలసిన దారి.

పిల్లికి వేసే మందు పశువుల డాక్టరు చెప్పిందే కావాలి. ఫిప్రోనిల్ లేదా సెలామెక్టిన్ ఉన్న చుక్కల మందును, బరువుకు తగిన మోతాదులో, మెడ వెనుక నాకడానికి అందనిచోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పడేలా పిండాలి. సాధారణంగా నెలకొకసారి మళ్లీ వేయాలి. ఎనిమిది వారాలు నిండని కూనలకు దువ్వెన తప్ప మరేదీ డాక్టరును అడగకుండా వాడకూడదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది: ఆవులకూ గేదెలకూ పిడుదులు పోవడానికి కొట్టంలో దాచి ఉంచే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ సీసాల్లోని మందును గాని, పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందును గాని పిల్లికి రాస్తే వణుకు, మూర్ఛ వచ్చి చచ్చిపోవచ్చు. కిరసనాయిలు, కర్పూరం నూనె కూడా అంతే ప్రమాదం. ఇంట్లో కుక్క, అరుగు మీద కట్టే మేక ఉంటే వాటికీ ఈ పురుగే పడుతుంది గనుక వాటినీ అదే రోజున చూపించాలి, కాని ఒకదాని మందు మరొకదానికి వేయకూడదు. పిల్లి తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనబడితే అది పేల ద్వారా వచ్చిన బద్దెపురుగు. దానికి వేరే మాత్ర ఉంటుంది.

ఇంటి పని మొదలుపెట్టే రోజున ఆయాసం ఉన్న మనిషిని బంధువుల ఇంటికో, కనీసం తలుపు మూసే వేరే గదికో పంపి, ఇన్‌హేలర్ చేతికిచ్చి, దుమ్ము అణిగాక రెండు గంటల తరువాత రమ్మనాలి. ఊడ్చేవాళ్లు మాస్కు కట్టుకోవాలి. పొడి చీపురు వాడితే ఎండిన రెట్ట, పిల్లి వెంట్రుకల పొడి గాలిలో తేలుతాయి, వాటిలో చాలా భాగం ఉబ్బసానికి అలర్జీ పదార్థాలే. అందుకని ముందు నీళ్లు చిలకరించి ఊడ్చి, తడిగుడ్డతో తుడవాలి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచిదే, దాని అదురుకు గూళ్లలోని పురుగులు బయటికి వస్తాయి కూడా. అయితే సన్నని దుమ్మును కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నదై ఉండాలి, సంచిని ఇంటి బయట ఖాళీ చేయాలి. దుప్పట్లు, దిండు గలీబులు, పిల్లి పడుకునే గుడ్డలను 60 డిగ్రీల వేడికి తక్కువ కాని నీటిలో నానబెట్టి ఉతకాలి. బొంతను గుండిగలో పట్టించడం కష్టమే గాని, పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన ఆ బొంతే ఈ పురుగుల అసలు కాపురం కనుక దాన్ని వదిలిపెట్టకూడదు. నులక మంచం తాళ్ల ముడుల్లో మరిగిన నీళ్లు పోసి నిట్టనిలువు ఎండలో నిలబెట్టాలి. సిమెంటు నేల పగుళ్లను పూడ్పించాలి. మట్టి నేల అయితే పగుళ్లలో మెత్తని మట్టి కూరి అలకాలి. గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గితే పిల్ల పురుగులు ఎండిపోతాయి కనుక వానలు వెలిసిన రోజు కిటికీలు బార్లా తెరవడం కూడా మందు వంటిదే.

ఇంత చేసినా నెల తరువాత కూడా పురుగు తగ్గకపోతే, గుడ్లనూ పిల్ల పురుగులనూ ఎదగనివ్వని పైరిప్రాక్సిఫెన్ లాంటి మందును పగుళ్లలోనూ అంచుల్లోనూ మాత్రమే కొట్టించుకోవచ్చు. ఆ పని జరిగేటప్పుడు రోగి ఇంట్లో ఉండకూడదు. వాసన పూర్తిగా పోయి నేల ఆరాకే, రోగిని చూసే డాక్టరు సరేనన్నాకే రావాలి. రోజూ వాడే ఆయాసం మందును ఈ హడావుడిలో ఆపకూడదు. పేలు పోయినా పిల్లి దగ్గరకు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగిస్తుంటే కారణం పిల్లే కావచ్చు; పడకగది తలుపు దానికి శాశ్వతంగా మూసేయాలి.

తడిగుడ్డ పని మొదటి రెండు వారాలు రోజూ, తరువాత రెండు రోజులకొకసారి, మొత్తం మూడు నెలలు సాగాలి. రెండో వారంలో పురుగులు పెరిగినట్టనిపిస్తే గూళ్లు విచ్చుకుంటున్నాయని అర్థం. మందు పనిచేయలేదని మార్చేయకూడదు. రాత్రి నేల మీద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, పైన చిన్న బల్బు వెలిగిస్తే గెంతినవి అందులో పడి మునిగిపోతాయి. ఆ లెక్కను నేను క్యాలెండరులో రోజూ రాసుకున్నాను: మొదటి వారంలో పళ్లెం నిండా చుక్కలే, తొమ్మిదో వారానికి రెండు. నెల రోజులు పళ్లెం ఖాళీగా ఉన్నాకే దాన్ని తీశాను. పిల్లి మెడ మీద చుక్కలు మాత్రం వానాకాలం దాటేదాకా నెలనెలా వేస్తూనే ఉన్నాను, ఎందుకంటే పక్కింటి పిల్లి ఇప్పటికీ మా పెంకుల మీదుగానే వస్తుంది.