మీరుంటున్న అద్దె ఇంటిని ఓనరు ఇంకొకరికి చూపిస్తానంటే: కెనడాలోని ఒంటారియోకి కొత్తగా వచ్చినవారికి

ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చిన నాలుగో రోజే మా ఓనరు ఫోన్ చేసి, గంటలో ఇల్లు చూడటానికి మనుషులొస్తున్నారన్నాడు. పొయ్యి మీద వంట ఉంది, పాప అప్పుడే నిద్రపోయింది. కాదంటే ఏమవుతుందోనన్న భయంతో సరేనన్నాను. ఆ భయం మీకు అక్కర్లేదు గానీ రూల్ మాత్రం తెలిసుండాలి.

ఇక్కడ 2006 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ యాక్ట్ (అద్దె ఇళ్ల చట్టం) వర్తిస్తుంది. ఇల్లు ఖాళీ చేయడం గురించి మీరు గానీ ఓనరు గానీ నోటీసు ఇచ్చాక, కొత్తగా అద్దెకు వచ్చేవాళ్లకి ఇల్లు చూపించడానికి ఓనరు రావచ్చు, కాకపోతే ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపే, అదీ ముందు మీకు చెప్పి, లేదా చెప్పడానికి తగిన ప్రయత్నం చేశాకే. దీనికి రాతలో నోటీసు ఇవ్వనక్కర్లేదు. 24 గంటల ముందు కాగితం ఇవ్వలేదని చాలామంది ఇక్కడే గొడవపడతారు, కానీ ఆ నియమం వర్తించేది ఇల్లు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్లని తీసుకొచ్చేటప్పుడు. ఆ నోటీసులో కారణం, తేదీ, సమయం మూడూ ఉండాలి.

ఇంకో సంగతి, ఇల్లు అమ్ముడైనంత మాత్రాన మీరు వెళ్లిపోనక్కర్లేదు, మీ అద్దె ఒప్పందం కొత్త ఓనరుతో అలాగే సాగుతుంది. ఎవరో నోటిమాటగా ఖాళీ చేయమన్నారని సామాను సర్దేయకండి.

చట్టం ఎలా ఉన్నా, మీరే ముందుగా మెసేజ్ పెట్టడం అన్నిటికన్నా మంచిది. "మంగళ, గురువారాలు సాయంత్రం 6 నుంచి 7:30 దాకా మాకు వీలు, అందరినీ అప్పుడే తీసుకురండి" అంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, వాళ్లకీ పని తేలికవుతుంది. ఫోన్లో మాట్లాడినా తర్వాత అదే విషయం మెసేజ్‌లో రాసి పెట్టండి. వాళ్లు చూసి వెళ్లేదాకా మీరు బయట ఉండాలన్న నియమం లేదు, నేనైతే ఇంట్లోనే ఉంటాను. పాస్‌పోర్టులు, బంగారం, బ్యాంకు కాగితాలు తాళం వేసిన పెట్టెలో పెట్టేయండి. పిల్లల ఫొటోలు, స్కూలు పేరున్న కాగితాలు గోడ మీద నుంచి తీసేస్తే ఇంకా నిశ్చింత.

రేపు మీరే ఇల్లు వెతుక్కుంటూ వేరేవాళ్ల ఇంటికి వెళ్తారు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, బీరువా తలుపులు తెరిచేముందు ఒక్క మాట అడగండి. వీలైతే అక్కడున్నవాళ్లనే పక్కకి పిలిచి చలికాలంలో ఇల్లు సరిగ్గా వెచ్చబడుతుందా, రిపేరుకి పిలిస్తే ఓనరు ఎన్నాళ్లకి వస్తాడు అని అడిగి చూడండి, ఆ రెండూ వాళ్లు చెప్పినంత సరిగ్గా ఏ ఏజెంటూ చెప్పడు.