గంజాయి కేసులో పిల్లాడు పట్టుబడితే: జైలు బదులు చికిత్స కోసం కోర్టును ఎలా అడగాలి?

కొడుకు గంజాయి కేసులో దొరికాడని తెలియగానే చాలా ఇళ్లలో ముందు వెతికేది లాయరును కాదు, ‘మేనేజ్ చేసే’ మనిషిని. సర్టిఫికెట్ తెప్పిస్తాను, కేసు కొట్టేయిస్తాను అంటూ అతను ఆ టెన్షన్‌లో ఎంత అడిగితే అంత ఇచ్చేస్తారు. అతను అమ్మే దారి నిజానికి చట్టంలో ఉన్నదే. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 39, 64ఎ సెక్షన్లు చదివిస్తే చాలు. దానికి దళారీ అక్కర్లేదు.

ముందు పంచనామాలో, అంటే దొరికిన సరుకు వివరాలు సాక్షుల ముందు రాసే కాగితంలో, బరువు చూడండి. ఈ రెండు సెక్షన్లూ మత్తు వాడినందుకు పెట్టే సెక్షన్ 27 కేసుకు, లేదా ‘స్వల్ప పరిమాణం’ దొరికిన కేసుకే వర్తిస్తాయి. గంజాయి అయితే 1 కిలో లోపు, హెరాయిన్ 5 గ్రాములు, కొకైన్ 2 గ్రాములు, ఎండీఎంఏ అనే సింథటిక్ మత్తుమందు 10 గ్రాముల లోపు ఉండాలి. హెరాయిన్ లాంటి పొడిలో వేరే పదార్థం కలిసి ఉంటే మొత్తం బరువే లెక్క అని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏజెన్సీ నుంచి బ్యాగులో రెండు మూడు కిలోలు తెస్తూ దొరికిన కుర్రాళ్లకు ఈ దారి లేదు. 1 కిలో దాటితే పదేళ్ల వరకు శిక్ష పడే కేసు అది. అలాంటి కేసులో ‘39 కింద విడిపిస్తాను’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

రెండు సెక్షన్లకూ తేడా ఉంది. 64ఎ అభియోగం ఎదుర్కొంటున్న దశలోనే పనికొస్తుంది. మత్తుకు బానిసైన వ్యక్తి తనంతట తాను చికిత్సకు వెళ్లి, దాన్ని పూర్తి చేస్తే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ మినహాయింపును వెనక్కి తీసుకోవచ్చు. ముంబైలో 2001లో కొకైన్ కేసులో అరెస్టయిన ఓ సినీనటుడికి 2012లో ప్రత్యేక కోర్టు ఈ సెక్షన్ కిందే ఊరట ఇచ్చింది. 39 తీర్పు దశలోది. నేరం రుజువయ్యాక కోర్టు వెంటనే జైలుశిక్ష వేయకుండా, వయసు, నడవడిక, గత చరిత్ర, ఆరోగ్యం చూసి, అతని సమ్మతితో చికిత్సకు పంపుతుంది. సమ్మతి అంటే పిల్లాడిదే. తల్లిదండ్రులు ఎంత వేడుకున్నా, అతను కోర్టులో తన నోటితో ఒప్పుకోవాలి.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇక ఆధార్, పదో తరగతి మెమో, ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు నకళ్లు ఎవరైనా సర్దుకోగలరు.

అందరూ తట్టుకుని పడేది వైద్య పత్రం దగ్గర. చట్టం అడిగేది ‘మత్తు వాడాడు’ అనే రుజువు కాదు, ‘మత్తుకు బానిసయ్యాడు’ అనే రుజువు. పోలీసులు చేయించిన మూత్రపరీక్షలో పాజిటివ్ వస్తే మత్తు శరీరంలోకి వెళ్లిందని మాత్రమే తెలుస్తుంది. మానలేని స్థితిలో ఉన్నాడని మానసిక వైద్యుడు పరీక్షించి రాయాలి. ఏ పదార్థం, ఎన్నాళ్లుగా, మానితే ఏమవుతోంది, ఎప్పుడు చేర్చుకున్నారు, ఏం చికిత్స ఇచ్చారు, పూర్తయిందా లేదా, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి.

ఆ ఆసుపత్రి కూడా ప్రభుత్వం నడిపేదో, గుర్తించినదో అయి ఉండాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ‘ఎర్రగడ్డ’ అనే పేరు వినగానే మనవాళ్లు వెనకడుగు వేస్తారు. నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని, పరువు పోతుందని ఊరి బయట ఏదో ప్రైవేటు సెంటర్‌లో వేల రూపాయలు కట్టి చేరుస్తారు. తీరా ఆ సెంటర్‌కు గుర్తింపు లేకపోతే, అక్కడ నిజంగా చికిత్స జరిగినా ఆ కాగితం కోర్టులో నిలవదు. ప్రైవేటులో చేర్చాలనుకుంటే డబ్బు కట్టేముందే గుర్తింపు పత్రం నకలు అడగండి. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఇంకా ఘోరం, పిల్లాడు ఒక్క రోజు కూడా ఉండకుండా ‘30 రోజుల చికిత్స’ అని రాసిచ్చే కాగితాలు. కోర్టు ఆసుపత్రి రికార్డు తెప్పించుకుంటే, చిన్న కేసు మీద ఫోర్జరీ కేసు వచ్చి పడుతుంది.

డిశ్చార్జ్ సమ్మరీలో ‘డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా వెళ్లిపోయారు’ అని ఉంటే అది మీకు వ్యతిరేక సాక్ష్యమే. వార్డులో మొదటి రోజులు పిల్లాడు ఇంటికి తీసుకెళ్లమని ఏడుస్తాడు. అప్పుడు తల్లి మనసు గట్టి చేసుకోవాల్సి ఉంటుంది. అంత కష్టమూ నాకు తెలుసు, కానీ అప్పుడు తీసుకొచ్చేస్తే రెండు విధాలా నష్టం.

ఇంకో మాట, లాయరుతో దాచకుండా మాట్లాడండి. ‘మావాడికి అసలు అలవాటే లేదు’ అని పిటిషన్‌లో రాయించి, తర్వాత ‘బానిస, చికిత్సకు పంపండి’ అని అడిగితే ప్రాసిక్యూషన్ మొదటి కాగితాన్నే చూపిస్తుంది. అలాగని ఒకటి రెండుసార్లు తాగిన కుర్రాడిని బానిసగా చూపించనక్కర్లేదు, అది అబద్ధం. సెక్షన్ 27 కేసైతే, దోషిని జైలుకు పంపకుండా మంచి నడవడిక హామీ మీద వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్నీ ఆశ్రయించవచ్చు. 21 ఏళ్లలోపు వారిని జైలుకు పంపాలంటే కోర్టు ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, కారణాలు రాయాలి. ఈ 21 ఏళ్లు దొరికిన రోజుకు కాదు, తీర్పు నాటికి. అందుకే వాయిదాలు సాగదీయడం మీకే చేటు. ఆ అధికారి ఇంటికొస్తే పోలీసనుకుని తలుపు వేసుకోకండి, ఆయన రాసేది మీ పిల్లాడి గురించే. 18 నిండనివారి కేసు బాలల న్యాయ మండలికి వెళ్తుంది, అక్కడి దారి వేరు.

39 కింద ఉత్తర్వు వచ్చాక బాండు రాయాలి. కోర్టు అడిగితే జామీనుదార్లూ కావాలి. ఏడాదిలోపు కోర్టు పెట్టిన గడువుకు చికిత్స ఫలితంపై నివేదిక ఇవ్వాలి. అది బాగుంటే మందలించి, మూడేళ్లకు మించని గడువుతో మరో బాండు మీద వదిలేస్తారు. ఆ గడువులో మళ్లీ ఈ చట్టం కింద దొరికితే పాత కేసుకు శిక్ష ఖరారు చేయడానికి పిలుస్తారు. మత్తు మీద యావ మళ్లీ మొదలైతే దాచిపెట్టకండి, వెంటనే అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, లేదా డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. వెళ్లిన ప్రతిసారీ ఓపీ చీటీ మీద తేదీ, సంతకం ఉన్నాయో లేదో చూసుకుని, ఒక నకలు లాయరుకు ఇవ్వండి.