చీలికను కాదు, ముడిని గీయండి

నేను బొమ్మలు నేర్చుకున్నది గోడల మీద. ఎన్నికలొస్తే గవర్నర్‌పేట, సత్యనారాయణపురం సందుల్లో సున్నం కొట్టి పార్టీ గుర్తులు వేసేవాణ్ణి. కంకి కొడవలి వాళ్లకీ నేనే, సుత్తి కొడవలి నక్షత్రం వాళ్లకీ నేనే. ఎర్రరంగు డబ్బా ఒకటే, కుంచె ఒకటే. ముందు కొడవలి వంపు తిప్పేసేవాణ్ణి. పక్కన కంకి వేయాలా, సుత్తి వేయాలా అన్నది ఆ గోడ మాట్లాడుకున్నవాళ్లను బట్టి ఉండేది.

ఇప్పుడు ఆదివారాలు వసారాలో పిల్లలకు కార్టూన్ నేర్పుతున్నాను. యుద్ధం విషయంలో ఒక పార్టీ రెండుగా విడిపోతే ఎలా గీయాలని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమంది నిలువునా చిరిగిన జెండా తెస్తారు. నేనూ అంతే. మొదటిసారి పెద్ద పగులిచ్చిన గోడ గీసి ఒక వారపత్రికకు పట్టుకెళ్లాను. ఎడిటర్ గారు కళ్లజోడు పైకి తోసి, "ఇది సిమెంటు ప్రకటనలా ఉందయ్యా" అన్నారు.

అందుకే గీయబోయే ముందు ఒక కాగితం మీద ఇది రాసుకోండి: వీళ్లు ఇంతగా కొట్టుకుంటూ కూడా దేన్ని వదులుకోలేకపోతున్నారు? ఎన్నికల గుర్తా, పార్టీ ఆఫీసు తాళమా, చందాల పుస్తకమా? మీ బొమ్మ అదే. మనవైపు అన్నదమ్ములు వేరుపడితే నడిమింట్లో గోడ లేస్తుంది, పొయ్యిలు రెండవుతాయి, బావి మాత్రం ఒకటే ఉంటుంది. నన్నడిగితే గోడను వదిలేసి ఆ బావి దగ్గర చేదతాడు గీయమంటాను.

ఈ పని బాగా చేసిన పాత బొమ్మ ఒకటుంది. 1864లో అమెరికా అంతర్యుద్ధం మధ్యలో డెమొక్రటిక్ పార్టీ చికాగోలో సభ పెట్టింది. అధ్యక్ష పదవికి మెక్‌క్లెలన్ అనే సైన్యాధికారిని నిలబెట్టింది. ఆయనేమో యుద్ధం సాగాలనేవాడు. పార్టీ తీర్మానం, ఉపాధ్యక్ష అభ్యర్థి పెండిల్టన్ మాత్రం శాంతి వైపు. కరియర్ అండ్ ఐవ్స్ అనే ముద్రణ సంస్థ ఆ ఇద్దరినీ అతుక్కుపుట్టిన కవలలుగా వేసి, నడుమ అతుకు మీద 'పార్టీ ముడి' అని రాసింది. ఒకవైపు సైనికులు, మరోవైపు శాంతి నాయకులు. చూడగానే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ ఎన్నికలో మెక్‌క్లెలన్‌కు దక్కినవి మూడే రాష్ట్రాలు.

దానికి ఏడాది ముందు, 1863 ఫిబ్రవరిలో, హార్పర్స్ వీక్లీ శాంతి వర్గాన్ని మనిషి తలలున్న విషప్పాములుగా వేసింది. గీత అద్భుతం. కానీ ఆ దారి నేను పిల్లలకు చెప్పను. మనిషిని పామును చేశాక ఇక చేతికి కర్రే వస్తుంది, మాటకు చోటుండదు. 1962లో చైనాతో యుద్ధమప్పుడు మన దగ్గరా చర్చలంటే చాలు ద్రోహి అన్నారు. ఆ నవంబరులో చాలామంది కమ్యూనిస్టు నాయకులను జైల్లో పెట్టారు.

ఆ కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలిన కథలో మన ఊరూ ఉంది. 1961 ఏప్రిల్లో ఉమ్మడి పార్టీ మహాసభ బెజవాడలోనే జరిగింది. 1964 జూలైలో విడిపోయేవాళ్లు తెనాలిలో కూర్చున్నారు. చీలికకు యుద్ధం ఒక్కటే కారణం కాదు. కాంగ్రెస్‌తో ఎలా మెలగాలన్న పేచీ, రష్యా చైనాల తగవు అప్పటికే ఉన్నాయి. మీ బొమ్మలో ఇవన్నీ కుక్కకండి, ఒక్కదాన్నే పట్టుకోండి. ఇప్పుడు దాని మీద గీయమంటే నేను చేసేది ఇదీ: ఇద్దరు పెద్దాయనలు, ఒకరి చేతిలో కంకి, ఇంకొకరి చేతిలో సుత్తి, మధ్యలో ఒకే కొడవలిని చెరోవైపు పట్టుకుని లాగుతుంటారు. కొడవలి పదును ఎవరి అరచేతి వైపుందో చూసి గీయాలి. కార్టూనిస్టు అభిప్రాయం అక్కడే తెలుస్తుంది.

యుద్ధంలో పోయినవాళ్లను నవ్వులాటకు వాడొద్దు. శవం పక్కన జోకు నిలబడదు.

పనిముట్లకు పెద్ద ఖర్చేం లేదు. మందపాటి డ్రాయింగ్ షీటు, నల్ల ఇంకు, స్టీలు పాళీ చాలు. అచ్చులో ఎంత పడాలో దానికి రెట్టింపు సైజులో గీయండి. మాటలు రాసేటప్పుడు వరుసకూ వరుసకూ మధ్య చోటు బాగా వదలాలి. మన అక్షరాలకు కింద ఒత్తులుంటాయి కదా, బొమ్మ చిన్నదయ్యేసరికి అవి కింది వరుస గుడుల్లో ఇరుక్కుని మచ్చలవుతాయి. ఫోన్లో చూసేవాళ్లకు మరీ కష్టం. ఆరేడు మాటలు దాటితే ఆ డైలాగు కొట్టేయండి.

సంతకం కింద తేదీ తప్పకుండా వేయండి. యుద్ధం రోజుల్లో నాయకుడు సోమవారం ఒకటంటాడు, శుక్రవారానికి ఇంకోటంటాడు. నా పాత బొమ్మల్లో తేదీ లేనివి రెండున్నాయి. అవి ఎవరి మీద గీశానో ఇప్పుడు నాకే గుర్తు రావడం లేదు.