విదేశీ నేతలను కలిసే ముందు: చట్టసభ సభ్యులకు కొన్ని సూచనలు

చట్టసభ సభ్యుల విదేశీ పర్యటనలకు ఫైళ్లు, నోట్లు తయారుచేసే ఉద్యోగంలో చాలాకాలం ఉన్నాను. కొత్తగా ఎన్నికైనవాళ్లు తరచూ ఒకే ప్రశ్న అడిగేవారు: "అక్కడి మంత్రిని నేను విడిగా కలవొచ్చా?" కలవొచ్చు, కలవాలి కూడా. ఆంక్షల మీద, సైనిక ఖర్చు మీద ఓటేయాల్సిన మనిషి అవతలి దేశం మాట స్వయంగా వినకుండా ఓటేస్తే ఎలా? కానీ బేరం మాత్రం ఆడకూడదు. దేశం తరఫున మాట ఇచ్చేది ఒక్కరే అయి ఉండాలి. ఇద్దరు రెండు మాటలు చెబితే అవతలివాళ్లు తమకు లాభమైన మాటే పట్టుకుంటారు.

అపాయింట్‌మెంట్ అడగకముందే మీ విదేశాంగ శాఖకు చెప్పండి. ఏ విషయం మీద చర్చలు నడుస్తున్నాయో, ఏ మాట నోటివెంట రాకూడదో వాళ్ల దగ్గర తెలుసుకోండి. టికెట్, హోటల్ ఎవరు భరిస్తున్నారో కూడా చూసుకోవాలి. భారత్‌లోనైతే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, చట్టసభ సభ్యులు బయటి దేశంలో విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే కేంద్రం అనుమతి ముందే ఉండాలి.

గదిలోకి ఒంటరిగా వెళ్లొద్దు. మీ రాయబార కార్యాలయం అధికారి పక్కన ఉండాలి, దుబాసీ మీవాడై ఉండాలి, ఒకరు నోట్సు రాసుకోవాలి. అసలు చిక్కు సమావేశం అయిపోయాక వస్తుంది. అందరూ లేచి ఫొటోలు దిగుతుంటే మంత్రి మీ భుజం మీద చెయ్యేసి, "మనిద్దరం ఓ ఐదు నిమిషాలు కూర్చుందామా?" అంటాడు. అక్కడ మొహమాటపడకండి. "మా అధికారి కూడా ఉంటారు" అనండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే, ఆ ఐదు నిమిషాలు ఎందుకు అడిగాడో మీకు అర్థమైనట్టే.

ఏం మాట్లాడాలి? "మా సభలో దీనికి మద్దతు తక్కువ" అనొచ్చు, అది సమాచారం. "మీరు ఖైదీలను వదిలితే ఆంక్షలు ఎత్తేయిస్తాను" అనకూడదు, ఆ మాట నిలబెట్టుకోవడం మీ చేతిలో లేదు.

ఒక దేశం కబురు ఇంకో దేశానికి మోయొద్దు. 2007 ఏప్రిల్‌లో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ డమాస్కస్ వెళ్లి అప్పటి సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్‌ను కలిశారు. శాంతి చర్చలకు ఇజ్రాయెల్ సిద్ధంగా ఉందన్న ప్రధాని ఓల్మెర్ట్ సందేశం అందించానని చెప్పారు. తమ విధానం ఏమీ మారలేదని ఓల్మెర్ట్ కార్యాలయం వెంటనే వివరణ ఇచ్చుకుంది. ఆమె వెళ్లడం తప్పని నేననను. కొద్ది రోజుల ముందే అప్పటి అమెరికా అధ్యక్షుడి పార్టీ అయిన రిపబ్లికన్ సభ్యులు కూడా అసద్‌ను కలిసి వచ్చారు. కబురు మోయడమే చిక్కు తెచ్చింది.

మీ ప్రభుత్వ విధానం మీకు నచ్చకపోతే? ఇదే అన్నిటికన్నా కష్టమైన సందర్భం. 2015 మార్చిలో 47 మంది అమెరికా సెనేటర్లు ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. కాంగ్రెస్ ఆమోదం లేని అణు ఒప్పందాన్ని తర్వాతి అధ్యక్షుడు రద్దు చేసేయగలడని హెచ్చరించారు. అందులో విషయం అబద్ధం కాదు, 2018లో ట్రంప్ ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చారు కూడా. అయినా ఆ లేఖ రాయకూడదనే నా అభిప్రాయం. అదే మాట సెనేట్‌లో లేచి చెబితే అది చర్చ. సొంత ప్రభుత్వం చర్చలు జరుపుతుండగా అవతలి పక్షానికి రాస్తే ఆ చర్చలకు అడ్డుపడటమే. సరైన దారి రెండు నెలల్లో అదే సెనేట్ చూపించింది. ఒప్పందాన్ని కాంగ్రెస్ సమీక్షకు పెట్టాలనే బిల్లును 98-1 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించిన ఆ ఒక్కరు, లేఖకు ముందు నిలిచిన టామ్ కాటన్. నిధులు, ప్రశ్నలు, కమిటీ విచారణ, చట్టం: ఇంత బలం చేతిలో ఉండగా విదేశీ రాజధానికి లేఖ దేనికి?

చట్టం భయం చూపి ఆపేద్దామనుకుంటే అదీ పెద్దగా పనిచేయదు. అనుమతి లేని దౌత్యాన్ని నేరం చేసిన అమెరికా లోగన్ చట్టం 1799 నుంచి ఉంది. దాని కింద ఇప్పటిదాకా ఒక్కరికీ శిక్ష పడలేదు.

ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకు దౌత్యంలో చోటే లేదని కాదు. 1994లో జెనీవాలో ఐరాస మానవ హక్కుల కమిషన్ ముందుకు కశ్మీర్ అంశం వచ్చినప్పుడు, ప్రధాని పి.వి.నరసింహారావు భారత బృందానికి ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని నాయకుడిగా పంపారు. పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. దేశం తరఫున మాట్లాడమని ప్రభుత్వమే పంపింది కాబట్టి ఆయన మాటకు బరువుంది. మీకూ అలాంటి పిలుపు వస్తే పార్టీ చూసుకోకుండా వెళ్లండి.

తిరిగొచ్చాక నోట్ వాయిదా వేయకండి. ఎవరిని కలిశారు, ఎవరెవరు ఉన్నారు, వాళ్లు ఏం అడిగారు, మీరేం చెప్పారు, వాళ్లు మీకు ఏ బహుమతి ఇచ్చారు, అన్నీ రాసి విదేశాంగ శాఖకు ఒక ప్రతి, మీ కమిటీకి ఒక ప్రతి ఇవ్వండి. అక్కడ పొరపాటున నోరు జారిన మాట ఏదైనా ఉంటే దాన్ని మొదటి పేరాలోనే పెట్టండి. మీ రాయబారి ఆ విషయం అవతలివాళ్ల నోట వినే పరిస్థితి రాకూడదు.